కుట్టు వేసిన ఆకు

సోమవారం పొద్దున టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకి డాబా మీదికి వెళ్ళాలి, మొక్కకి కొలతలు తీసుకోవాలి, చెంబెడు నీళ్ళు పోయాలి, ఏడింటికల్లా దిగొచ్చి బ్యాంకు మేనేజరు చొక్కాకి కాలరు ఎక్కించాలి. ఇందులో తేడా రావడానికి ఏముంది అని మీరనొచ్చు. ఆవిడా అలాగే అనుకుంది.

ఆ నాలుగంతస్తుల భవనంలో టైలరమ్మ కుట్టుగది అన్నిటికన్నా కింద, మెట్ల పక్కన ఉంది. గదికి కిటికీ లేకపోలేదు. తెరిస్తే మూరెడు దూరంలో పక్క భవనం గోడ కనబడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పట్టపగలు కూడా ట్యూబులైటు కిందే కాజాలు కుడుతోంది. ఈ ఏడాది మొదట్లో ఏమనుకుందో ఏమో, డాబా మీద తూర్పు మూల ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు జాగా అడిగి తీసుకుంది. పొద్దున అక్కడ సరిగ్గా అరగంట ఎండ పడుతుంది.

"నాకు తోటలూ దొడ్లూ అక్కర్లేదండీ. ఆ అరగంట నాదైతే చాలు. అక్కడ ఎవరూ వచ్చి చంకల్లో బిగుతుగా ఉందని అనరు" అని భర్తతో చెప్పింది. ఆ మాట అంటున్నప్పుడు కూడా మెడలో టేపు తియ్యలేదు, అది వేరే సంగతి.

ఆ మూల మీద భవనం సెక్రటరీకి ముందునుంచీ కన్నుంది. ఆయన ఉద్యోగంలోంచి రిటైరయ్యాడు గానీ నోటీసులు రాయడంలోంచి రిటైరు కాలేదు. ఆయన పెత్తనం కింద ముప్ఫై రెండు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. పారెయ్యడానికి చెయ్యి రాదు, బాగు చేయించడానికి మనసు రాదు. వాటిని ఆ మూలలో పేర్చాలని ఆయన కోరిక. అందుకని టైలరమ్మకి జాగా ఇస్తూనే ఒక మెలిక పెట్టాడు. "వార్షిక సభ నాటికి అక్కడ ఒక్క కాయన్నా కనబడాలమ్మా. కనబడితే మూల మీది. లేకపోతే కుర్చీలది." సభకి ఇప్పుడు ఇంకా మూడు వారాలుంది.

అప్పటికి టైలరమ్మ చేతిలో నాలుగు టమాటా మొక్కలు పోయాయి. ఆవిడ దిగులు పడే మనిషి కాదు. చొక్కా పాడైతే ఎక్కడ పాడైందో చూసుకుని మళ్ళీ కుట్టాలి, అంతే. కస్టమర్ల కొలతలు రాసే పుస్తకంలోనే మొక్కలకి వేరే పేజీ తీసి, వరసగా గళ్ళు గీసింది. నంబరు, ఎత్తు, నడుం, లోపం, సవరణ. మొదటి మొక్క ఎదురుగా లోపం: నీళ్ళు ఎక్కువ. సవరణ: తగ్గించాలి. రెండోదాని ఎదురుగా లోపం: నీళ్ళు తక్కువ. సవరణ: మరీ అంత తగ్గించకూడదు. మూడోదానికి టీ కాచిన పిప్పి బలమని ఎవరో చెబితే పొగలు కక్కుతుండగా వేసింది. సవరణ: చల్లారనివ్వాలి. నాలుగోదాన్ని ఎండ ఎటు జరిగితే అటు, రోజుకి ఐదుసార్లు మోసింది. మూడోనాడు ఐదోసారి చెయ్యి జారింది. సవరణ: ఒకచోట ఉంచాలి.

ఐదోది నిలబడింది. పద్నాలుగుంబావు అంగుళాల ఎత్తు, అంగుళం నడుం, తొమ్మిది రెమ్మలు, ఎడమకి కొంచెం వాలు, కొసన ఒక గుత్తి మొగ్గలు. ఒకనాడు గాలికి దాని ఆకొకటి చిరిగింది. చిరిగినదాన్ని చూస్తూ ఊరుకోవడం ఆవిడ వంట్లో లేదు. సన్న సూది, ఆకుపచ్చ దారం తెచ్చి మూడు కుట్లు వేసింది.

"ఆకుకి కుట్లేమిటే అమ్మాయ్, ఎవరన్నా వింటే నవ్వుతారు" అంది అత్తగారు.

"అతుక్కుంటుందో లేదో చూద్దాం అత్తయ్యా. పోయేదేముంది, ఆకేగా."

ఇక సోమవారం సంగతి. టైలరమ్మ భర్త లిఫ్టుల మెకానిక్. ఆ పొద్దున ఆరింటికే డాబా మీదున్న లిఫ్టు గదిలో మోటారుకి గ్రీజు పెట్టి, పనిముట్ల పెట్టె పట్టుకుని, మోటారు చప్పుడు వింటూ వెనక్కి నడుస్తూ బయటికొచ్చాడు. చప్పుడు బాగుందని ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశాడు. పెట్టె వెళ్ళి కుండీకి తగిలింది. మొక్క మట్టికి బెత్తెడు పైన పుటుక్కున విరిగింది.

పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో భార్య తనకంటూ అడిగింది ఏదన్నా ఉందంటే ఆ అరగంటే. టైము చూస్తే ఆరుంబావు. విరిగిన కొసని చేత్తో పట్టుకుని డాబా అంతా రెండు చుట్లు తిరిగాడు. పారెయ్యడానికి మనసొప్పలేదు. లిఫ్టు గది వెనక సందులో అడుగంతా తుప్పు పట్టి చిల్లులు పడ్డ గ్రీజు డబ్బా ఒకటుంటే, అందులో కుండీ మట్టి సగం పోసి, కొసని నిలువునా గుచ్చి, పైన నీళ్ళ ట్యాంకు గొట్టం బొట్లుబొట్లుగా కారే చోట పెట్టేశాడు. ఆ సందు ఇనప గేటు దగ్గరికేసి మెట్ల దగ్గరికి పరుగెత్తేసరికి, టేపు మెడలో, పుస్తకం చంకలో, చెంబు చేతిలో టైలరమ్మ ఎక్కుతూ కనబడింది.

"ఇవాళ పైకి రాకు. గ్రీజు పడి నేలంతా జారుతోంది" అన్నాడు మెకానిక్.

"మరి మొక్కకి నీళ్ళో?"

"నే పోస్తాగా. ఇలా ఇయ్యి."

"కొలతలు?"

"పుస్తకం కూడా ఇయ్యి. నేనే తీసుకుంటా."

ఇరవయ్యారేళ్ళుగా తాగిన గ్లాసు కూడా తియ్యని మనిషి చెంబు అందుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి. టైలరమ్మకి ముచ్చటేసింది. ఆ ముచ్చటలో చెంబుతో పాటు పుస్తకం కూడా ఇచ్చి దిగిపోయింది.

వీధి చివర నర్సరీ ఉంది. నర్సరీ ఆయన పైపుతో మొక్కలు తడుపుతుంటే మెకానిక్ రొప్పుకుంటూ వెళ్ళి పుస్తకం తెరిచాడు.

"టమాటా మొక్క కావాలి."

"బోలెడున్నాయి, తీసుకోండి."

"అలా కాదు. పద్నాలుగుంబావు ఎత్తు, అంగుళం నడుం, తొమ్మిది రెమ్మలు. కొంచెం ఎడమకి వాలాలి."

నర్సరీ ఆయన పైపు పక్కకి తిప్పాడు. "మీరు మొక్క కొంటున్నారా, పెళ్ళి సంబంధం చూస్తున్నారా?"

"నవ్వులాట కాదండీ. నా సంసారం దీనిమీద ఉంది."

అరగంట వెతికితే దొరికినవాటిలో దగ్గరగా ఉన్నది పదమూడుముప్పావు. అదీ కుడికి వాలింది. "కుండీ అటు తిప్పి పెట్టుకోండి, ఎడమకే వాలుతుంది" అన్నాడు నర్సరీ ఆయన. మెకానిక్ డబ్బులిచ్చి నాలుగడుగులు వేశాక కుట్టు సంగతి గుర్తొచ్చింది. మళ్ళీ వెనక్కొచ్చి, సూదీ దారం అడిగి, నర్సరీ ఆయన చూస్తుండగానే నిక్షేపంలా ఉన్న ఆకుని చింపి, గ్రీజు వేళ్ళతో కుట్టాడు. నర్సరీ ఆయన ఏమీ అడగలేదు. కొన్ని బేరాలు అడక్కుండా ఉంటేనే మంచిదని ఆయనకి అనుభవం.

మంగళవారం పొద్దున టైలరమ్మ టేపు పెట్టి చూసింది. పదమూడుముప్పావు. తీసి మళ్ళీ పెట్టింది. పదమూడుముప్పావే. పుస్తకం చూసింది, ఆదివారం పద్నాలుగుంబావు అని తన చేతి రాతే. సోమవారం గడి ఖాళీగా ఉంది. వంగి ఆకు చూసింది. కుట్టు దగ్గర ఆకంతా ముడతలు పడి ఉంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. మనలాంటివాళ్ళకైతే ఎవరో మొక్క మార్చేశారని తడుతుంది. కానీ ఆవిడ ఇరవై రెండేళ్ళుగా బట్టతో కాపరం చేస్తున్న మనిషి. పొడవు తగ్గి, కుట్టు దగ్గర ముడత పడిందంటే బట్టకి ఏమైందో ఆవిడకి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. గబగబా కిందికొచ్చింది.

"ఏవండీ, మొక్క కుంచించుకుపోయింది."

మెకానిక్ తాగుతున్న టీ గొంతులో అడ్డం పడింది. "మొక్క... కుంచించుకుపోతుందా?"

"ఎందుకు పోదూ? ఆదివారం నేను రెండు చెంబులు పోశాను, నిన్న మీరో చెంబు పోశారు. కొత్త నూలుబట్ట తడిపితే అర అంగుళం లోపలికి పోవడం లేదూ? ఇదీ అదే."

ఉన్న మాట చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి అదను మళ్ళీ రాదు. మెకానిక్ నోరు తెరిచాడు కూడా. కానీ భార్య మొహంలో అసలు కారణం పట్టేశానన్న వెలుగు చూసి నీళ్ళు నమిలాడు. "అవును, పోతుంది. నూలు కదా" అన్నాడు. ఆ ఒక్క మాటతో తనదే కాకుండా భవనం మొత్తం కొంప ముంచుతున్నానని ఆయనకి అప్పుడు తెలియదు.

కారణం తెలిశాక సవరణకి ఎంతసేపు. నీళ్ళు పూర్తిగా ఆపేసింది. కుంచించుకుపోయిన బట్టనైతే ఇస్త్రీ చేస్తూ సాగదీస్తారు. మొక్కకి ఇస్త్రీ కుదరదు కాబట్టి, సంచులు కుట్టే నైలాను దారం తెచ్చి మొక్కకి కట్టి, రెండో కొస పైనున్న బట్టల తీగకి బిగించింది. రోజూ పొద్దున వెళ్ళి దారం ఇంకొంచెం బిగించడం, కొలవడం, రాసుకోవడం. బుధవారం పదమూడుముప్పావు. గురువారం పదమూడున్నర. శుక్రవారం మొక్క దారానికి వేలాడుతోంది. టైలరమ్మ ఆ పొద్దున టిఫిను ముట్టలేదు.

"ఇంకా బిగించాలేమో" అని మాత్రం అంది.

అత్తగారు రోజూ మధ్యాహ్నం డాబా మీద కాసేపు నడుస్తుంది. మోకాళ్ళకి మంచిదని డాక్టరు చెప్పాడు. పైకి లిఫ్టులో వెళ్ళి నాలుగడుగులు వేసి లిఫ్టులో దిగుతుంది. మొదటినుంచీ ఆ మొక్కని చూసి నవ్వింది ఆవిడే. ఆ శుక్రవారం మాత్రం నవ్వు రాలేదు. కోడలు పస్తున్న సంగతి మనసులో మెదిలింది. ఎవరితోనూ చెప్పకుండా కొలతల పుస్తకం కొంగు చాటున పెట్టుకుని వీధి చివరికి నడిచింది.

నర్సరీ ఆయన పుస్తకాన్ని చూడగానే గుర్తుపట్టాడు. "మీవీ కొలతలేనా అమ్మా?"

"పదమూడున్నర అని రాసుంది బాబూ. కాస్త పెద్దదే ఇయ్యి. ఎదిగే ప్రాయం."

"సూదీ దారం కూడా కావాలా?"

"నీకెలా తెలుసు?" అని అత్తగారు తెల్లబోయింది.

పాత మొక్కని పీకి చెత్తబుట్టలో వేసి, ఆ కుండీలోనే కొత్తది నాటి, చెంబెడు నీళ్ళు పోసి, దారం మళ్ళీ కట్టింది. ఆకుకి కుట్టు వెయ్యడం మాత్రం మర్చిపోలేదు. కళ్ళు సరిగ్గా ఆనక పక్క రెమ్మకి వేసింది.

శనివారం పొద్దున టేపు పదిహేనున్నర చూపించింది. ఒక్కరోజులో రెండంగుళాలు. టైలరమ్మ పక్కనున్న బకెట్టు బోర్లించి దానిమీద కూలబడింది. కుట్టు రెమ్మ మారడం కూడా గమనించింది. సాగేటప్పుడు ఆకులు జరిగి ఉంటాయనుకుంది.

కబురు విన్న మెకానిక్ డాబా మీదికి వచ్చి చూసి భార్యకన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాడు. తను నాటిన పదమూడుముప్పావు మొక్క ఐదు రోజుల్లో ఇంతైందంటే దారంలో ఏదో మహత్యం ఉన్నట్టే. అత్తగారు మాత్రం గుంభనంగా "నీ చేతి చలవే అమ్మాయ్" అంది. ఇంట్లో ముగ్గురూ సంతోషంగానే ఉన్నారు. కాకపోతే ఎవరి సంతోషం వాళ్ళది. మెకానిక్‌ని మాత్రం లోపల తప్పు తొలుస్తూనే ఉంది. ఆ రోజు తర్వాత డాబా ఎక్కడానికి ఆయనకి మొహం చెల్లలేదు. లిఫ్టు కూడా బుద్ధిగా నడుస్తుండటంతో ఎక్కాల్సిన అవసరమూ రాలేదు.

మూడో అంతస్తులో ఉండే టీచరుకి బాల్కనీలో బెండ మొక్కలున్నాయి. రెండు నెలలుగా జానెడు దాటలేదు. లంగా కుట్టించుకోవడానికి కిందికొచ్చి ఈ సంగతి విని, లంగా సంగతి మర్చిపోయింది.

"ఎలా కట్టాలో చెప్పండి టైలరమ్మగారూ, రాసుకుంటాను."

"మెడకి కట్టకూడదండీ, విరుగుతుంది. చంకల కింద కట్టాలి. రోజుకి పావంగుళం బిగించాలి, ఎక్కువైతే పిగులుతుంది" అని, నైలాను దారం కూడా తనే కత్తిరించి ఇచ్చింది.

టీచరు ఒకరికి చెబితే పదిమందికి చెప్పినట్టు. వారం తిరిగేసరికి భవనంలోని కుండీలన్నీ ఒక్కొక్కటే డాబా ఎక్కి బట్టల తీగ కింద బారులు తీరాయి. తడి దుప్పటి ఆరేస్తే నాలుగు మొక్కలు ఒకేసారి ఎగిరి గంతేస్తున్నాయి. దుప్పట్లవాళ్ళు వెళ్ళి సెక్రటరీ దగ్గర మొర పెట్టుకున్నారు. ఆయన కలం విప్పాడు. "బట్టల తీగకి మొక్కలు కట్టరాదు" అని మెట్ల దగ్గర నోటీసు అంటించాడు.

డాబా మీద తీగ కాక దారం కట్టుకోవడానికి గట్టిగా ఉన్నది ఇంకొక్కటే, లిఫ్టు గది తలుపు గొళ్ళెం. కుండీలన్నీ తలుపు పక్కన గోడ వారకి జరిగాయి. దారాలన్నీ గొళ్ళేనికి చేరాయి. టైలరమ్మ కూడా సభ నాటికి మళ్ళీ మూలకి చేర్చుకోవచ్చులే అని తన కుండీని అక్కడికే మార్చింది. మొత్తం పదకొండు కుండీలు, పదకొండు ముళ్ళు. పదకొండో కుండీలో గులాబి మొక్క ఉంది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

సభకి రెండు రోజులుందనగా టైలరమ్మ మొక్కకి పూత రాలి, దాని చోట శనగగింజంత పిందె కనబడింది. ఆవిడ దాన్ని టేపుతో కొలవబోయి, కొలవడానికి చాలక, వేలితో ముట్టుకోబోయి, ముట్టుకోవడానికి భయమేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రోజు కుట్టిన చొక్కాలన్నిటికీ గుండీలు తిన్నగా పడ్డాయి.

మరునాడు శనివారం పొద్దున సెక్రటరీ పైకి వెళ్తుంటే లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. గంట మోగుతోంది, తలుపు దడదడలాడుతోంది, వాటిని మించి ఆయన గొంతు వినబడుతోంది.

"ఎవరక్కడ? నాకు ఊపిరాడటం లేదు. నేను సెక్రటరీని."

మెకానిక్ నాలుగంతస్తులూ మెట్లెక్కి డాబా మీదికి ఉరికాడు. లిఫ్టు గదిలోకి వెళ్ళి చక్రాన్ని చేత్తో తిప్పితే గానీ లిఫ్టు కదలదు. తలుపు దగ్గరికొచ్చి టక్కున ఆగిపోయాడు. గొళ్ళేనికి పదకొండు దారాలు, ప్రతి దారం కొసనా ఒక మొక్క. ముడి విప్పబోతే గోరు కూడా దూరలేదు. అవి టైలరమ్మ నేర్పిన ముళ్ళు మరి. తలుపు బయటికి, కుండీలకి అవతలి వైపుకి తెరుచుకుంటుంది. తెరిస్తే ఏమవుతుందో ఆయనకి క్షణంలో అర్థమైంది.

అప్పటికే టైలరమ్మ, టీచరు, వాళ్ళ వెనక ఆయాసపడుతూ అత్తగారు పైకి చేరారు.

"కత్తెర. కత్తెర ఉందా నీ దగ్గర?" అన్నాడు మెకానిక్.

టైలరమ్మ మెడ తడుముకుంది. టేపు మాత్రమే ఉంది. "కింద, మిషను మీద ఉంది."

"నే వెళ్ళి తెస్తాను" అని అత్తగారు లిఫ్టు వైపు నాలుగడుగులు వేసి, ఆగిపోయింది.

లోపల్నించి సెక్రటరీ కేకలు సన్నబడ్డాయి. మెకానిక్ తలుపు వైపు చూశాడు, శనగగింజంత పిందె వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆయనకి చెయ్యి ఆడలేదు.

టైలరమ్మ ఒక్క క్షణం తన దారం వైపు చూసింది. ఏడుపొచ్చింది. దాన్ని మింగేసింది.

"లోపల మనిషున్నాడు. లాగండి" అంది.

ఆయన కళ్ళు మూసుకుని లాగాడు. తలుపు తెరుచుకుంది. పదకొండు మొక్కలూ ఒకేసారి వేళ్ళతో సహా కుండీల్లోంచి లేచి, గాల్లో అర్ధచంద్రాకారంలో తిరిగి, తలుపు వెనక్కి వచ్చి పడ్డాయి. టీచరు బెండ మొక్కలు రెండూ ఆవిడ కాళ్ళ దగ్గరే వాలాయి. పిందె ఎటో దొర్లిపోయింది.

అయిదు నిమిషాల్లో లిఫ్టు పైకొచ్చింది. సెక్రటరీ బయటికొచ్చాడు. ఆయన చేతిలో సభ కాగితాలు లేవు. ఒక చేతిలో నీళ్ళ మగ్గు, ఇంకో చేతిలో నైలాను దారం ఉండ. తలుపు వెనక పడున్న గులాబిని చూసి ఆయన నోట "నా పిల్ల" అన్న మాట వచ్చేసింది. అందరూ వినేశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు గానీ లాభం లేకపోయింది.

టైలరమ్మ తన మొక్కని చేతుల్లోకి తీసుకుని నేల మీద కూర్చుంది. ఏమీ అనలేదు. ఏదన్నా అనుంటే మెకానిక్ తట్టుకునేవాడేమో. ఊరుకోవడం తట్టుకోలేకపోయాడు.

"నీకో సంగతి చెప్పాలి. దానికోసం నువ్వు బాధ పడకు. అది నీ మొక్క కాదు. నీది నేను మూడు వారాల కిందటే విరగ్గొట్టాను. ఇది నేను తెచ్చి పెట్టింది."

టైలరమ్మ తల ఎత్తేలోపు వెనకనించి అత్తగారి గొంతు వినబడింది. "నీదీ కాదురా. నువ్వు తెచ్చింది ఎండిపోతే నేను పీకి పారేశాను. అది నేను తెచ్చింది."

తల్లీ కొడుకూ మొహమొహాలు చూసుకున్నారు. టీచరు తన పుస్తకం తీసి, రాసుకున్న పేజీ చించేసింది.

టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెడలోని టేపు తీసి చేతిలో పట్టుకుంది. "ఇది మొదటి రోజే నాకు నిజం చెప్పింది, వేరే మొక్క అని. నేనే వినిపించుకోకుండా మొక్కని సాగదీశాను" అని, భర్త వైపు తిరిగింది. "నాది ఎక్కడ పారేశారు?"

"పారెయ్యలేదు. చెయ్యి రాలేదు."

ముగ్గురూ లిఫ్టు గది వెనకున్న సందు దగ్గరికి వెళ్ళారు. వాళ్ళ వెనక టీచరు, ఆవిడ వెనక మగ్గుతో సెక్రటరీ. మెకానిక్ ఇనప గేటు తోశాడు. తుప్పు డబ్బాలో, ట్యాంకు గొట్టం బొట్లు పడే చోట, మొక్క గోడకి ఆనుకుని డబ్బా దాటి ఏపుగా ఎదిగి ఉంది. డబ్బా అడుగు చిల్లుల్లోంచి వేళ్ళు బయటికొచ్చి సందులోని బురదని పట్టుకున్నాయి. ఎడమకి కొంచెం వాలింది. ఆకుల మధ్య నిమ్మకాయంత కాయ, పచ్చగా, నిగనిగలాడుతూ వేలాడుతోంది. టైలరమ్మ చూపు కాయ మీద నిలవలేదు. దాని పైనున్న ఆకు తిప్పి చూసింది. మూడు కుట్లు, వరసగా, సమానంగా. అతుక్కోలేదు గానీ ఊడలేదు కూడా.

"నా కుట్టే" అంది.

మరునాడు సభ డాబా మీదే జరిగింది. కూర్చోవడానికి కాళ్ళు సరిగ్గా ఉన్న కుర్చీలు ఆరే తేలాయి కాబట్టి మిగతావాళ్ళు నిలబడ్డారు. సెక్రటరీ కాగితం విప్పి దగ్గాడు. నిన్న లిఫ్టులోంచి తను ఎలా బయటపడ్డాడో ఆయన మర్చిపోలేదు. అలాగని మెలిక వదులుకోవడం ఆయనకి అలవాటు లేదు.

"కాయ ఉంది, కాదనను. కానీ అది మూలలో ఉండాలనుకున్నాం. సందులో ఉంది. ఆ డబ్బా తెచ్చి మూలలో పెట్టెయ్యండమ్మా, అయిపోతుంది."

"కదపనండీ" అంది టైలరమ్మ.

"మరి ఎలాగ?"

"వేళ్ళు బయటికొచ్చేశాయి, కదిపితే తెగుతాయి. మీ కుర్చీలు ఆ మూలలో వేసుకోండి. నా మూలని ఇటు జరపండి."

ముందు టీచరు చెయ్యెత్తింది. అత్తగారు కొడుకు చెయ్యి పట్టుకుని మరీ ఎత్తించింది. సెక్రటరీ పక్కన బకెట్టులో నిలబెట్టుకున్న గులాబి వైపు చూసి, కాగితం మడిచి, తనూ చెయ్యెత్తాడు.

కుర్చీలు మూలకి చేరాయి. సోమవారం పొద్దున ఆరున్నరకి టైలరమ్మ సందులో బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. ఇక్కడ అరగంట కాదు, గంటన్నర ఎండ పడుతుందని మొదటిసారి చూసింది. టేపు తీసి కాయ దాకా తీసుకెళ్ళి, ఆగి, మళ్ళీ మెడలో వేసుకుంది. ఎవరూ కొలవకుండా, ఎవరూ సాయం చెయ్యకుండా, ఎవరూ చూడకుండా అది మూడు వారాలు హాయిగా బతికింది. ఆ సంగతి ఆవిడ కాదనలేకపోయింది.

పుస్తకం తెరిచి ఐదో నంబరు ఎదురుగా ఉన్న లోపం గడి దగ్గర కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. చివరికి "ఇంటిల్లిపాది ప్రేమ" అని రాసింది. సవరణ గడి దగ్గర మాత్రం ఆలోచించలేదు. "తాళంకప్ప" అని రాసి పుస్తకం మూసేసింది.